పదికి పది వచ్చిన పెరడు

మా ఊరి పేరు చెప్పను. చెబితే నా ఇంక్రిమెంటు ఆగుతుంది. ఊరి మధ్యనుంచి గోదావరి కాలవ ఒకటి పోతుందనీ, దాని గట్టు మీదే మున్సిపల్ ఆఫీసు ఉందనీ, అందులో నేను సీనియర్ అసిస్టెంటుననీ చెబితే చాలు. అలాంటి ఊళ్ళు మా వైపు అరడజను ఉన్నాయి కాబట్టి నాకొచ్చే ప్రమాదం లేదు.

నవంబరు నెలాఖరున పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి మున్సిపాలిటీ తన పరిధిలోని పౌరులు ఎంత ఆనందంగా ఉన్నారో కొలిచి, పదికి ఎన్ని మార్కులో తేల్చి పంపాలి. ఊరి సగటు ఆరుకు తగ్గితే కమిషనరు గారు సంజాయిషీ ఇచ్చుకోవాలి. మేం అంతకుముందు రోడ్లు కొలిచాం, దోమలు కొలిచాం, వీధికుక్కల్ని రెండుసార్లు లెక్కపెట్టాం. ఆనందాన్ని కొలవడం కొత్తే అయినా ఉత్తర్వుతోపాటు ఫారం కూడా వచ్చింది. ఫారం వచ్చాక మా ఆఫీసు కొలవలేనిది ఈ భూప్రపంచంలో లేదు.

ఫారంలో పది ప్రశ్నలు. అవును అంటే ఒక మార్కు, కాదు అంటే సున్నా. పదిహేను రోజులు వీధివీధీ తిరిగాం. చాలామంది మొదటి ప్రశ్నకే కాగితం మా చేతిలోంచి లాక్కుని, వెనకవైపు మురిక్కాలవ గురించి రాసిచ్చారు. ఒకాయన కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూపించాడు. గాలి వచ్చింది. మొత్తం కూడి, భాగించి చూస్తే ఊరి సగటు రెండు పాయింటు నాలుగు వచ్చింది. ఆ పాయింటు నాలుగు ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నా జాబితాలో చివరి ఇల్లు పదిహేడో వార్డులో సామ్రాజ్యం గారిది. మా ఇంటికి వెనకిల్లే, మధ్యన పిట్టగోడ ఒక్కటే అడ్డు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయింది. ట్రంకు కాల్ కావాలంటే ఊళ్ళో అందరూ ఆవిడ గొంతు దాటే వెళ్ళాలి. పెళ్ళి కుదిరినా, మనిషి పోయినా ముందు ఆవిడ చెవినే పడేది. "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అని ఆవిడ అడిగితే ఎంతటి పెద్దమనిషైనా మాట తడబడేవాడు. రిటైరైన మర్నాడే ఇంట్లో ఫోను తీయించేసింది. తర్వాత ఒక ముక్కాలిపీట, నాలుగు పెట్టలు, ఒక పుంజు కొనుక్కుంది. పెట్టలకు తాను కలిపిన ఊళ్ళ పేర్లే పెట్టింది: రాజమండ్రి, తణుకు, సామర్లకోట, తుని. పుంజు పేరు మద్రాసు. ఆ లైనులోనే ఎప్పుడూ గట్టిగా అరవాల్సి వచ్చేదట.

ఆవిడకు ఏడాదంటే చలికాలమే. ఎండాకాలం కోళ్ళు రొప్పుతాయి, వానాకాలం పెరడంతా బురద. కార్తీకం దాటిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా మాత్రం, రోజూ పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకూ ఆవిడ పెరట్లో నీళ్ళపొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. పొయ్యిలో కొబ్బరి డొక్కలు, మీద నీళ్ళ కాగు, చేతిలో ఇత్తడి గ్లాసు నిండా కాఫీ. నిన్నటి వెచ్చటి బూడిదలో కోళ్ళు పొర్లాడుతుంటాయి. మిగిలిన బూడిద చిక్కుడు పాదుకి పట్టిన పేనుబంక మీద చల్లుతుంది. ఆ రెండున్నర గంటలూ మనుషులతో మాట్లాడదు.

నేను వెళ్ళింది సరిగ్గా ఆరున్నరకి.

"ఏరా భీమన్నా, పొద్దున్నే కాగితాలు పట్టుకొచ్చావు. జనాభా లెక్కలా?" అంది.

"కాదు పిన్నిగారూ, ఆనందం లెక్కలు."

"మూడు నిమిషాలిస్తాను. అడుగు."

"ప్రస్తుతం మీరు ఆనందంగా ఉన్నారా?"

"నువ్వొచ్చేదాకా ఉన్నాను. నువ్వెళ్ళాక ఉంటాను."

"భవిష్యత్తు మీద మీకు ఆశాభావం ఉందా?"

"తొమ్మిదో తారీకుకి చిక్కుడు కోతకొస్తుంది."

"కుటుంబ సభ్యుల నుంచి తగిన సహకారం అందుతోందా?"

"తుని తప్ప అందరూ గుడ్లు పెడుతున్నారు. దానికి ఈకలు రాలుతున్నాయిరా. పొద్దు చిన్నదైపోయింది కదా, చలికాలం అది సెలవు పెట్టేస్తుంది. మళ్ళీ మాఘంలో అందుకుంటుంది."

"మరి మీకేం బెంగగా లేదా?"

"కోడికి లేని బెంగ నాకెందుకు? ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారు. మూడు నిమిషాలైంది. వెళ్ళు."

అడగనివి కూడా అవునేనని కళ్ళారా చూశాను కాబట్టి, గేటు బయట నిలబడి పది గళ్ళలోనూ టిక్కు పెట్టాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పు అదొక్కటే. ఉన్నది ఉన్నట్టు రాశాను.

మా ఆఫీసులో పదికి పది ఎవరూ వెయ్యరు. వేస్తే అడుగుతారు. కమిషనరు త్రివిక్రమరావు గారు నన్ను పిలిపించి, ఫారాన్ని వెలుతురుకు పట్టి రెండువైపులా చూశారు.

"ఏమయ్యా, ఇది రాతపొరపాటా?"

"కాదండి. ఆవిడ నిజంగానే ఉన్నారండి."

"మన పరిధిలోనా?" అన్నారాయన. తర్వాత లేచి కిటికీలోంచి కాలవకేసి చూశారు. ఊళ్ళో పెట్రోలు పడిందని చెప్పినా అంత కదిలిపోయేవారు కాదు. "సదరు ఆనందం మన పరిధిలో ఉత్పత్తి అవుతున్నప్పుడు, సదరు ఆనందాన్ని యావత్తు పురజనులకూ సమానంగా పంపిణీ చేయవలసిన గురుతర బాధ్యత మన మీద ఉన్నది. రేపు ఉదయం క్షేత్రస్థాయి పరిశీలన."

మర్నాడు ఆరింటికి జీపు దిగాం. కమిషనరు గారు, శానిటరీ ఇన్స్పెక్టరు, టేపు పట్టుకున్న ఇద్దరు, నేను, ఆనందం పనుల కోసం రాజధాని నుంచి వచ్చిన ప్రణీత్ అనే కన్సల్టెంటు. ఆ కుర్రాడు టాబ్ తెరిచి "ఆనంద కారకాలు" అని శీర్షిక పెట్టాడు. పీట ఎత్తు తొమ్మిది అంగుళాలు. పొయ్యికీ పీటకీ దూరం రెండడుగుల నాలుగంగుళాలు. కాఫీ ఉష్ణోగ్రత కూడా తీశారు, ఆవిడ తాగబోతుంటే ఆపి.

"మేడమ్, మీ హ్యాపీనెస్‌లో కోళ్ళ షేర్ ఎంత పర్సెంట్ ఉంటుందంటారు?" అని అడిగాడు ప్రణీత్.

"ఎవరూ మాట్లాడకపోవడానికి తొంభై, ముందు అది రాసుకో బాబూ," అందావిడ.

ప్రణీత్ బుద్ధిగా "నిశ్శబ్దం, తొంభై శాతం" అని రాశాడు. కమిషనరు గారు తొంగిచూసి తల అడ్డంగా ఊపారు.

"నిశ్శబ్దం సరఫరా చెయ్యడానికి మనకి పద్దు లేదు. కొట్టెయ్యండి. మిగతావి ఉంచండి."

మిగిలిన పదిశాతంతో పథకం తయారైంది. ఆ పెరటికి "ఆనంద ప్రదర్శన క్షేత్రం" అని పేరు పెట్టారు. రోజుకి ముప్పైమంది చొప్పున, మూడు మార్కుల లోపు వచ్చిన పౌరుల్ని ఆరున్నరకల్లా అక్కడి శిబిరానికి చేర్చాలి. వాళ్ళు రెండు గంటలసేపు సామ్రాజ్యం గారు ఆనందించడాన్ని చూసి, నేర్చుకుని, హాజరుపట్టీలో సంతకం పెట్టి వెళ్ళాలి. గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో కమిషనరు గారి ఫొటో పెద్దది, కోడిది చిన్నది. చామంతి మడి మీద షామియానా కర్ర పాతారు. మైకు పెట్టారు.

"పౌరులారా! ఇప్పుడు మనమందరం రెండు నిమిషాలపాటు ఈ ప్రశాంతతను అనుభవిద్దాం!" అని శానిటరీ ఇన్స్పెక్టరు మైకులో అరిచేవాడు. అది విని మద్రాసు అందుకునేది. పుంజుకి ఒక మెమో తయారైంది, ప్రార్థనాగీతం పూర్తయ్యేవరకు కూయరాదని. మెమో అందినట్టు సంతకం ఎవరిచేత పెట్టించాలో తెలియక అది నా బల్ల మీదే ఉండిపోయింది.

రోజుకి ముప్పైమంది లెక్కన ఊరంతా ఆనందించడానికి ఏడాది పైనే పడుతుందని ప్రణీత్ లెక్క తేల్చాడు. దాంతో ఇంటింటికీ ఆనంద కిట్టు ఇవ్వాలని తీర్మానించారు. తొమ్మిదంగుళాల పీట ఒకటి, పెట్ట ఒకటి, చిక్కుడు గింజలు గుప్పెడు, బూడిద కిలో. పీటలు వచ్చాయి. పెట్టలు వచ్చాయి. బూడిద దగ్గర చిక్కొచ్చింది. ఊరి చివరి రైసుమిల్లు వాళ్ళు ఊక బూడిద ఊరికే తోలుకుపొమ్మన్నారు. ఊరికే వచ్చేదానికి అంచనా వెయ్యడం కుదరదని ఇంజనీరు గారు తిరస్కరించి టెండరు పిలిచారు. గెలిచిన కాంట్రాక్టరు మూడు రోజుల్లో రెండువేల నాలుగువందల పొట్లాలు తెచ్చి పడేశాడు. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మున్సిపాలిటీ అధీనంలో బూడిద నిలవ ఉండే చోటు ఒకటే, అది కాలవ అవతల గట్టున ఉంది. నేను మాత్రం మా ఇంటి పొట్లం విప్పకుండా కళ్ళకద్దుకుని, కాలవలో కలిపి, స్నానం చేసి వచ్చాను.

కిట్టులిచ్చింది గురువారం. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లు చేసి అడిగితే ఊరి ఆనంద సూచిక ఒక్కసారిగా ఏడు పాయింటు ఆరుకు ఎగిరింది. ప్రణీత్ ఆ గీతను తెర మీద వేసి చూపిస్తే సభ చప్పట్లు కొట్టింది. సోమవారం లెక్క చూస్తే రెండువేల నాలుగువందల పెట్టల్లో మిగిలినవి మూడువందల పది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. నేనూ చెప్పలేదు. చెప్పడానికి ఆరోజు మా ఇంట్లో కూడా మసాలా వాసన ఇంకా పోలేదు.

అప్పటికి సామ్రాజ్యం గారి పెట్టలు గుడ్లు మానేసి పది రోజులైంది. తుని గోడ దూకి వచ్చి మా జామచెట్టు మీద కాపురం పెట్టింది. ఒక సాయంత్రం ఆవిడ పిట్టగోడ దగ్గరికొచ్చి నిలబడింది. కోడి కోసం అనుకుని బియ్యపుగింజలు తెచ్చాను.

"భీమన్నా, పదికి పదీ వేసింది నువ్వేనా?"

"నేనే పిన్నిగారూ."

"ముప్పై నాలుగేళ్ళు ఊరందరి మాటలూ విన్నానురా. ఎవరు ఏడ్చినా నా చెవిలోనే ఏడ్చారు. రిటైరయ్యాక ఏడాదికి మూణ్ణెల్లు, పొద్దున్నపూట ఎవరి మాటా వినక్కర్లేదనుకున్నాను. ఆ ఒక్కటీ తీసుకెళ్ళి మీ వాళ్ళకిచ్చేశావు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. తునిని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచి చెయ్యబోయి చెడుపు చేసిన బాధ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అసలు నేను మంచి కూడా చెయ్యబోలేదు, ఫారం నింపానంతే.

జనవరిలో మళ్ళీ సర్వే వచ్చింది. ఈసారి సామ్రాజ్యం గారికి పదికి ఒకటి. ఆ ఒకటి కూడా "మీకు రాత్రి నిద్ర పడుతోందా?" అన్నదానికి. ఆదర్శ ఆనందపౌరురాలికి ఒకటి రావడంతో ఆఫీసు అట్టుడికిపోయింది. ఆవిడకు నోటీసు వెళ్ళింది. "మీకు మంజూరైన ఆనందము ముందస్తు అనుమతి లేకుండా తొమ్మిది మార్కుల మేరకు ఏల తగ్గినదో మూడు దినములలోగా స్వయముగా హాజరై వివరించవలెను."

ఆవిడ ఇస్త్రీచీర కట్టుకుని వచ్చింది. కమిషనరు గారి ఎదుట కుర్చీలో కూర్చుని గోడ గడియారం కేసి చూసింది.

"మూడు నిమిషాలిస్తాను. చెప్పండి."

"అమ్మా, సంజాయిషీ చెప్పవలసినది మీరు. ప్రజాధనంతో మీ పెరటిని తీర్చిదిద్దాము. మైకు సమకూర్చాము. షామియానా సమకూర్చాము. ఇన్ని సదుపాయాల నడుమ మీరు విచారించుట అనేది సంస్థ ప్రతిష్ఠకు..."

"మీరు రావడం మానేస్తే నవ్వుతాను బాబూ."

"రాకపోతే మీరు నవ్వుచున్నట్టు మేము ధ్రువీకరించుట ఎట్లు?"

ఆవిడ నావైపు చూసింది. నేను ఫైలువైపు చూశాను. ప్రణీత్ టాబ్ తెరిచాడు.

"సార్, మేడమ్ స్కోర్ ఒకటి. అంటే టెక్నికల్‌గా ఆవిడ బెనిఫిషియరీ. శిబిరంలో జాయిన్ చేసేద్దాం."

"బాగుంది!" అన్నారు కమిషనరు గారు. "ఇరవై ఒక్క రోజుల నిర్బంధ శిక్షణ."

"మూడు నిమిషాలైంది," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి సామ్రాజ్యం గారు తన పెరట్లోనే నాలుగో వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో "శిక్షణార్థి 31" అన్న చీటీతో కూర్చుంది. ఆవిడ ముక్కాలిపీట చుట్టూ తాడు కట్టి "ప్రదర్శన వస్తువు, కూర్చోరాదు" అని బోర్డు పెట్టారు. ఆవిడలా ఆనందించి చూపించే పని శానిటరీ ఇన్స్పెక్టరుకి అప్పగించారు. అతను పొయ్యి పక్కన నిలబడి ఆవిడ ఇత్తడి గ్లాసులో కాఫీ తాగుతూ, "చూశారా, ఇలా!" అని మైకులో చెప్పేవాడు. ఆ గ్లాసు అతని చేతిలో చూశాక నాకు ఒళ్ళు మండింది.

ఇరవై రెండేళ్ళుగా ఫైలుతో పనులు ఆపడమే గాని, ఫైలుతో ఒకరికి మేలు చెయ్యొచ్చన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుని కూర్చుని ఒక నోటు రాశాను.

"సదరు శిక్షణార్థి నం. 31 పదికి ఒక మార్కుతో తీవ్ర విచారగ్రస్తుల కేటగిరీలోనికి వచ్చియున్నది. శిబిరమునకు హాజరగు ముప్పది మంది పౌరులు దినమునకు రెండు గంటల చొప్పున సదరు విచారమునకు గురియగుచున్నారు. తత్ఫలితముగా విచారము ఒకరినుంచి ఒకరికి సోకి ఊరి సగటు పడిపోవు ప్రమాదము కలదు. బాధ్యులెవరో నిర్ణయించుటకై సమర్పించడమైనది."

చివరి వాక్యంలోనే నా అనుభవమంతా ఉంది. బాధ్యులెవరో నిర్ణయించమంటే మా ఆఫీసులో పక్షవాతం వచ్చినవాడు కూడా లేచి పరిగెడతాడు.

కమిషనరు గారు నోటు చదువుతూ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "ఏమయ్యా, ఈ విచారం గాలిద్వారా వ్యాపిస్తుందా?"

"వ్యాపించదని ఫైల్లో ఎక్కడా లేదండి."

"నేను కూడా మొన్న ఆవిడ ఎదురుగా కూర్చున్నానే!"

"మూడే నిమిషాలండి. పరవాలేదండి."

గంటలో ఉత్తర్వు తయారైంది. శిబిరాన్ని తక్షణం మున్సిపల్ ఆఫీసు ఆవరణలోకి మార్చాలి. పదిహేడో వార్డులోని సదరు పెరడును విచార నియంత్రణ ప్రాంతంగా ప్రకటించడమైనది. ప్రతిరోజూ ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు ఏ అధికారీ, ఏ పౌరుడూ అందులో ప్రవేశించరాదు, సదరు వ్యక్తితో సంభాషించరాదు. ప్రతినెలా ఒక్క ఉద్యోగి మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి మార్కులు తీసుకురావాలి. ఆవిడ మార్కులు మూడు దాటిన రోజున శిబిరాన్ని తిరిగి అక్కడికే తరలించాలి. ఆ ఉద్యోగిగా నన్ను నియమించారు. మిగతా ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ విప్పి, దాని చోట ఎర్రబోర్డు తగిలించారు: "మాట్లాడరాదు." పద్దు లేదని కొట్టేసిన సరుకుని మున్సిపాలిటీ ఎట్టకేలకు సరఫరా చేసింది, అదీ మేకులతో సహా.

ఇప్పుడు మా ఆఫీసు వరండాలో పొయ్యి, బూడిద, తొమ్మిదంగుళాల పీటలు ఉన్నాయి. వాటి మధ్య ముప్పైమంది పౌరులు, ఒక మైకు. పెట్టలు ఫైళ్ళ బీరువాలో పొదుగుతున్నాయి. ఈ మధ్య ఏ ఫైలు అడిగినా "కోడి కింద ఉంది" అంటున్నారు, మా ఆఫీసులో ఫైలు గురించి చెప్పిన మాట నిజం కావడం మాత్రం ఇదే మొదటిసారి.

మాఘం వచ్చింది. నెల సర్వేకి ఆరున్నరకి సామ్రాజ్యం గారి గేటు దగ్గరికి వెళ్ళాను. లోపల నవ్వు వినిపించింది. గట్టిగా దగ్గాను. నవ్వు ఆగింది. మరోసారి దగ్గి, కాస్త ఆగి లోపలికెళ్ళాను. ఆవిడ పీట మీద కూర్చుని మొహం వేలాడేసుకుంది.

"రాసుకో భీమన్నా. చాలా విచారంగా ఉన్నాను."

"చెయ్యి కాస్త వెనక్కి పెట్టుకోండి పిన్నిగారూ, గుడ్డు కనబడుతోంది."

"తుని ఇవాళే మొదలెట్టిందిరా," అంది, ఆపుకోలేక.

"అది నేను వినలేదండి. భవిష్యత్తు మీద ఆశాభావం?"

"ఏం ఆశ, నా మొహం! చిక్కుడు రెండో కాపు విరగబడి కాసింది."

సున్నా వేశాను. పదికి సున్నా. గోడ పక్కనుంచి పొగ కనిపిస్తే తలెత్తి చూశాను. ఎడమపక్క పెరట్లో ఇంకో పొయ్యి, దాని పక్కన తొమ్మిదంగుళాల పీట మీద మురిక్కాలవ గురించి కాగితం వెనక రాసిచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన. ఆదివారం గండం గట్టెక్కిన పెట్ట ఒకటి ఆయన కాళ్ళ దగ్గర కెలుకుతోంది. నన్ను చూడగానే ఆయన చటుక్కున మొహం వేలాడేసి, "భీమన్నా, నాక్కూడా సున్నా వేసి ఎర్రబోర్డు ఒకటి ఇప్పించవా?" అని సైగ చేశాడు. ఎర్రబోర్డు కోసం మా వార్డులో ఆయనది పదకొండో అర్జీ. మా పదిహేడో వార్డు సగటు అప్పటికి సున్నా పాయింటు ఏడు. జిల్లాలోకెల్లా విచారంలో మాదే మొదటి స్థానం.

ఫారం మడిచి లేవబోతుంటే సామ్రాజ్యం గారు ఇంట్లోకెళ్ళి రెండో పీట తెచ్చి నా ముందు పెట్టింది.

"మూడు నిమిషాలు కూర్చో. మాట్లాడకు."

ముక్కు మీద గుడ్డ తీసి కూర్చున్నాను. డొక్కలు చిటపటమంటున్నాయి. తణుకూ, సామర్లకోటా బూడిదలో దిగి కళ్ళు మూసుకున్నాయి. పాదు మీద మంచు కరిగి ఒక్కో చుక్కా రాలుతోంది. గుడ్డు నా అరచేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరికీ టైమైందని చెప్పిన మనిషి, ఆ పొద్దున్న నాకు టైమైందని చెప్పలేదు.

ఆఫీసుకి గంటన్నర ఆలస్యంగా వెళ్ళాను. ఉద్యోగులు కూడా ఫారం నింపాలని బల్ల మీద ఒకటి పెట్టి ఉంది. ఒకప్పుడు చేసిన తప్పు మళ్ళీ చెయ్యలేదు. పదికి సున్నా వేసుకుని, మొహం వేలాడేసి సంతకం పెట్టాను.